పదకొండు మంది, ఒక హంతకుడు: కలిసి చదివే డిటెక్టివ్ నవలల ఎంపిక డైరీ

హనుమకొండ నయీంనగర్‌లో మా ఇంటి మీది గదిలో నెలకు రెండు ఆదివారాలు పదకొండు మందిమి కూర్చుని నవల చదువుతాం. ఈసారి పాత డిటెక్టివ్ నవలలు అనుకున్నాం. ఏవి నిలిచాయి, ఏవి పోయాయి, ఎందుకు పోయాయి అన్నది ఇంకోచోట ఇట్లాంటి గుంపు నడిపేవాళ్లకు పనికొస్తుందని రాసి పెడుతున్నాను. హంతకుడి పేరు ఇందులో ఎక్కడా రాదు. పుస్తకాన్ని ఎక్కడ ఆపాలో మాత్రం వస్తుంది.

గుంపులో ఎవరున్నారో చెప్పాలి, ఎంపిక సగం దాన్నిబట్టే నడిచింది. కాజీపేటలో రిటైరైన రైల్వే గార్డు సారు, నర్సక్క, మెడికల్ షాపు తమ్ముడు, ఏనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే కాక, కొత్తవాడ అక్కాచెల్లెళ్లు ఇద్దరు, డిగ్రీ పిల్లలు నలుగురు, ట్యూషన్లు చెప్పుకునే నేను. ఇంగ్లిషులో హాయిగా చదవగలిగేది ఐదుగురం. మిగతావాళ్లకు తెలుగు కావాలి, లేదా పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలి.

దశ 1: పేరున్న పుస్తకాల జాబితా

మొదటి జాబితాలో 12 పేర్లున్నాయి. విల్కీ కాలిన్స్ రాసిన ‘ద వుమన్ ఇన్ వైట్’, ‘ద మూన్‌స్టోన్’. అన్నా కాథరిన్ గ్రీన్ 1878 నాటి ‘ద లెవెన్‌వర్త్ కేస్’. కోనన్ డాయిల్‌వి మూడు: ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’, ‘ద సైన్ ఆఫ్ ఫోర్’, ‘ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్’. గాస్టన్ లెరూ ‘ద మిస్టరీ ఆఫ్ ద యెల్లో రూమ్’. బెంట్లీ ‘ట్రెంట్స్ లాస్ట్ కేస్’. అగాథా క్రిస్టీవి నాలుగు: ‘స్టైల్స్’, ‘రోజర్ అక్రాయిడ్’, ‘ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’, ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’.

మన తెలుగు డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు ఎందుకు లేరని కాక మొదటిరోజే అడిగాడు. కొమ్మూరి సాంబశివరావు నవలలు ఈ గుంపులో పెద్దవాళ్లందరూ కిరాయికి తెచ్చుకుని చదివినవే. సరిగ్గా అదే అడ్డం. కొందరికి కథ తెలుసు, కొందరికి తెలియదు, ఎవరికి ఏది తెలుసో వాళ్లకే గుర్తులేదు. యాభయ్యో పేజీకి వచ్చాక ఎవరో ఒకరికి జ్ఞాపకం తగులుతుంది. మధుబాబు షాడో నవలలు గూఢచారి సాహసాలు, వాటిలో ఊహించాల్సిన ముడి ఉండదు. రెండూ పక్కన పెట్టాం.

‘మూన్‌స్టోన్’తో మొదలుపెట్టాం. కారణం కాగితం మీద చాలా బాగుంది. 1868 నాటి నవల, కథ 1799లో శ్రీరంగపట్నం కోట పడిపోయిన రోజుతో తెరుచుకుంటుంది, దోచుకుపోయిన వజ్రం మన దేశానిది. ఆ ముందుమాట చదివినంతసేపు గదిలో ఎవరూ ఫోన్ ముట్టలేదు. ఆ తర్వాత కథ ఇంగ్లండు వెళ్లి బెటరెడ్జ్ అనే ముసలి నౌకరు చేతిలో పడింది. ఆయన చెప్పేది వినసొంపుగానే ఉంటుంది, కానీ వజ్రం మాయమయ్యేది ఆయన చెప్పే భాగంలో పదకొండో అధ్యాయానికి. మేం అక్కడిదాకా చేరనే లేదు.

“దొంగ ఎవరో తర్వాత సంగతి మేడం, ముందు దొంగతనం అయితదా కాదా?” అన్నాడు కాక.

నవల తప్పేం లేదు. ఒంటరిగా చదువుకుంటే నాకిప్పటికీ ఇష్టమైన పుస్తకం. పదిహేను రోజులకోసారి కలిసే గుంపుకు నేరం మొదటి కూర్చోవడంలోనే జరగాలి, లేకపోతే రెండోసారి వచ్చేవాళ్లు తగ్గుతారు. అది జాబితాకు మొదటి షరతు అయింది. ‘వుమన్ ఇన్ వైట్’ కూడా దాంతోనే వెళ్లిపోయింది.

జాబితాలో మిగిలినవి: 10.

దశ 2: గడియారం పెట్టి కొలిచాం

పేజీల సంఖ్య చూసి పుస్తకం ఎన్ని వారాలు పడుతుందో అంచనా వేయడం ఎందుకూ పనికిరాలేదు. అచ్చు సైజు మారితే పేజీలు మారతాయి. అందుకని ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చదివే వేగం కొలిచాం. పద్ధతి ఇది:

1. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే అధ్యాయం గట్టిగా చదవాలి. ఒకరే చదివితే వాళ్ల వేగమే గుంపు వేగం అనుకుంటాం.
2. మధ్యలో వచ్చే ప్రశ్నలకు టైమర్ ఆపకూడదు. ప్రశ్నలూ చదువులో భాగమే.
3. ఇంగ్లిషు పుస్తకమైతే ఒక పేరా చదివి, దాన్ని తెలుగులో చెప్పి, తర్వాతి పేరాకు పోవాలి. కొలత ఆ మొత్తానిది.
4. పది పేజీలు చదివాక మాత్రమే సగటు తీయాలి. మొదటి రెండు పేజీల్లో అందరూ నెమ్మదే.

మాకు వచ్చిన లెక్క: ఇంగ్లిషు చదివి తెలుగులో చెబితే నిమిషానికి 60 పదాలు. తెలుగు అనువాదం నేరుగా చదివితే పేజీకి రెండుంపావు నిమిషాలు. కూర్చునేది రెండు గంటలైనా చాయి, ముచ్చట, ఆలస్యంగా వచ్చినవాళ్లకు వెనకటి కథ పోను చదువుకు మిగిలేది 75 నిమిషాలు.

దీన్ని పాత జాబితాకు వేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ‘మూన్‌స్టోన్’ సుమారు రెండు లక్షల పదాలు. నిమిషానికి 60 చొప్పున 3,300 నిమిషాలు దాటుతుంది, అంటే 44 ఆదివారాలు, నెలకు రెండు చొప్పున రెండేళ్లకు కాస్త తక్కువ. ‘హౌండ్’ దాదాపు 60 వేల పదాలు. ఇంగ్లిషులో అయితే 1,000 నిమిషాలు, 13 ఆదివారాలు దాటుతుంది. అదే 180 పేజీల తెలుగు ప్రతితో అయితే 405 నిమిషాలు, అయిదారు ఆదివారాలు. పుస్తకం ఒకటే, ప్రతి మారితే నెలలు మారుతున్నాయి.

అందుకని రెండో షరతు: తెలుగు ప్రతి దొరకాలి. దొరక్కపోతే నవల కట్టడమే ముక్కలు ముక్కలుగా పంచుకునే తీరులో ఉండాలి. ‘లెవెన్‌వర్త్ కేస్’, ‘ట్రెంట్స్ లాస్ట్ కేస్’ మాకు తెలుగులో దొరకలేదు, పంచుకునే తీరులోనూ లేవు.

జాబితాలో మిగిలినవి: 8.

దశ 3: ప్రతులు, అందులో దాగిన తిప్పలు

ఈ దశ మీదే ఎక్కువ రాస్తున్నాను. మా పద్ధతిని కాపీ కొట్టేవాళ్లు దీన్ని దాటవేయొద్దు.

‘హౌండ్’కు ఎవరికి దొరికిన ప్రతి వాళ్లు తెచ్చుకోవచ్చు అనుకున్నాం. పాత పుస్తకాల్లో దొరికిన పిల్లల సంక్షిప్త ప్రతి ఒకటి, పూర్తి తెలుగు అనువాదం ఒకటి, ఫోన్‌లో ఇంగ్లిషు పాఠం ఒకటి, ఇట్లా మూడు రకాలు చేరాయి. అధ్యాయాల అంకెలు కలవలేదు, అది చిన్న చికాకు. అసలు దెబ్బ నాలుగు, అయిదు అధ్యాయాల దగ్గర తగిలింది. లండన్ హోటల్లో బాస్కర్‌విల్ వంశ వారసుడు సర్ హెన్రీ బూటు పోతుంది. ముందు పోయేది ఒక్కసారి కూడా తొడగని కొత్త గోధుమరంగు బూటు. అది తిరిగి దొరుకుతుంది, ఈలోపు పాత నల్ల బూటు పోతుంది. ఈ రెండు బూట్ల తేడా నవలలో ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. సంక్షిప్త ప్రతిలో “ఆయన బూటు ఒకటి కనబడకుండా పోయింది” అని ఒకే వాక్యం. అంటే ఆ ప్రతి చదివినవాళ్లకు ఊహించే అవకాశమే లేదు. కొత్తవాడ చిన్నమ్మాయి చేతిలో అదే ఉంది. మిగతావాళ్లు బూటు గురించి వాదించుకుంటుంటే ఆమె తన పుస్తకం తిరగేస్తూ కూర్చుంది.

సంక్షిప్త ప్రతులు కథను కాపాడతాయి, ఆధారాలను కోసేస్తాయి. కోసేవాళ్లకు ఏది అనవసర వర్ణన, ఏది ఆధారం అన్నది పట్టదు. డిటెక్టివ్ నవల రాసేవాళ్లు ఆధారాన్ని అనవసర వర్ణనలాగే కనిపించేట్టు దాచిపెడతారు కదా. సామాజిక నవల సంక్షిప్తం చదివినా ఎంతో కొంత మిగులుతుంది గానీ వీటికి ఆ వెసులుబాటు లేదు.

అప్పటినుంచి ‘హౌండ్’ ప్రతి కొనేముందు దుకాణంలోనే నిలబడి చూసే పరీక్ష:

1. అధ్యాయాలు 15 ఉన్నాయా?
2. బూటు పోవడం రెండుసార్లు ఉందా, కొత్తదీ పాతదీ అన్న తేడాతో?
3. బెదిరింపు ఉత్తరంలో మాటలన్నీ పత్రికలోంచి కత్తిరించి అతికించి, ‘మూర్’ (బీడు నేల) అన్న ఒక్క మాట మాత్రం సిరాతో రాసి ఉందా?
4. 8, 9 అధ్యాయాలు వాట్సన్ పంపే నివేదికలుగా, 10వది డైరీగా ఉన్నాయా?

నాలుగూ ఉంటే పూర్తి ప్రతి అని నమ్మొచ్చు. వేరే నవలకైతే ముందు ఒకరు పూర్తి పాఠం చదివి ఇట్లాంటి నాలుగు గుర్తులు రాసిపెట్టుకోవాలి.

ఇక హక్కుల సంగతి. జిరాక్సు కొట్టించే ముందు ఇది తెలియాలి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. కోనన్ డాయిల్ 1930లో, లెరూ 1927లో పోయారు, వాళ్ల మూల రచనలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. క్రిస్టీ పోయింది 1976లో, ఆమె నవలలకు 2036 చివరిదాకా హక్కులున్నాయి. ‘స్టైల్స్’ 1920 నాటిది కాబట్టి అమెరికాలో గడువు తీరిపోయింది, అక్కడి సైట్లలో ఉచితంగా కనిపిస్తుంది. డిగ్రీ పిల్లలు దాన్ని ప్రింటుకు పంపబోతుంటే ఆపాను. అక్కడ ఉచితమైనంత మాత్రాన ఇక్కడ కాదు. ఇంకో మెలిక, మూలం మీద హక్కు తీరినా తెలుగు అనువాదం మీద అనువాదకుడి హక్కు వేరేగా ఉంటుంది. అందుకని డాయిల్ ఇంగ్లిషు పాఠం ప్రింటు తీయించాం, తెలుగు ప్రతులు కొన్నాం, క్రిస్టీవి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం.

ఖర్చు ఇప్పటిదాకా:
‘హౌండ్’ తెలుగు ప్రతులు 5, ఒక్కోటి 150 చొప్పున: 750
‘హౌండ్’ ఇంగ్లిషు ప్రింటు 4 (ఏ4 కాగితం 100 పేజీలు, స్పైరల్ బైండింగ్‌తో 140): 560
మొత్తం: 1,310 రూపాయలు.

దశ 4: ఎవరికి ముందే తెలుసు?

“ఇది ఎవరైనా చదివారా?” అని గదిలో పైకి అడగకూడదు. చదివినవాళ్లు చదివానని చెప్పి ఊరుకోరు, ముఖంలోనో మాటలోనో ఇంకాస్త చెప్పేస్తారు. మేం చీటీలు పెట్టాం. ఒక్కో నవల పేరు ఎదురుగా మూడు గళ్లు: తెలియదు, సినిమా చూశాను, చదివాను. చీటీలు చూసేది ఒక్కరే.

‘రోజర్ అక్రాయిడ్’ ఇక్కడే పోయింది. 1926లో వచ్చిన ఈ నవలను 2013లో బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం అన్ని కాలాల్లోకీ ఉత్తమ క్రైమ్ నవలగా ఎన్నుకుంది. ఆ కీర్తే దానికి శత్రువు. దాని గురించి రాసే ప్రతివాళ్లూ గొప్పతనం వివరించబోయి గుట్టు చెప్పేస్తారు. చీటీల్లో నవల చదవకుండానే ముగింపు తెలిసినవాళ్లు ముగ్గురు తేలారు, ముగ్గురూ ఫోన్‌లో ఎక్కడో చూసినవాళ్లే. ఒంటరిగా చదవాలనుకునేవాళ్లు ఏ ముందుమాటా చూడకుండా చదవండి, ఇంతకంటే ఏం చెప్పినా ఎక్కువే.

సినిమాల గడి చూసి మొదట కంగారుపడ్డాం. గార్డు సారు, కాక ఇద్దరూ ‘గుమ్‌నామ్’ చూశారు. 1965 నాటి ఆ హిందీ సినిమా ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ ఆధారంగా అల్లిందే. అయితే ముగింపు వేరు, సినిమా చూసినవాళ్లకు నవల హంతకుడు తెలియడు. పైగా తెలుసన్న ధీమాతో తప్పుదారి పట్టే అవకాశం ఎక్కువ, అది ఆటకు మంచిదే. ‘హౌండ్’ ఛాయలున్న ‘బీస్ సాల్ బాద్’ కూడా అంతే. సినిమా చూశారని నవల కొట్టెయ్యాల్సిన పనిలేదు, కానీ ఎంపిక చేసే మనిషి సినిమా, నవల రెండూ పోల్చి చూసుకోవాలి.

ఈ దశలో పెట్టుకున్న కట్టుబాట్లు:

1. కథ తెలిసినవాళ్లు ఆ నవలకు ‘చదివే గొంతు’ అవుతారు. ఊహలు చెప్పరు, చీటీ వేయరు.
2. అన్ని ప్రతులకూ బడి పుస్తకాలకు వేసినట్టు ఖాకీ అట్ట. వెనక అట్ట మీది పరిచయాలు చాలా చెబుతాయి.
3. పండితుల ముందుమాటలకు క్లిప్పు. అవి నవల అయ్యాక చదవాలి.
4. నవల నడుస్తున్నన్ని రోజులు వాట్సాప్ గ్రూపులో దాని గురించి మాట్లాడొద్దు.

నాలుగోది ఎవరూ పాటించలేదు. తీసేశాం.

జాబితాలో మిగిలినవి: 7.

దశ 5: ఆపే చోటు

ఎంపికను తేల్చేసిన దశ ఇదే. కలిసి చదివే డిటెక్టివ్ నవలకు ఒక గీత ఉండాలి. ఆ గీత దాకా ఆధారాలన్నీ వచ్చేయాలి, హంతకుడి పేరు రాకూడదు. అక్కడ పుస్తకాలు మూసి, చీటీలు రాసి, పదిహేను రోజులు ఇంట్లో నలుపుకోవడానికి వదలాలి. గీత లేని నవల ఎంత గొప్పదైనా మాకు పనికిరాదు. గీత చాలా ముందే వచ్చేసినా పనికిరాదు.

‘స్టడీ ఇన్ స్కార్లెట్’ 1887 నాటిది, హోమ్స్ మొదటి నవల. అన్నిచోట్లా దాంతోనే మొదలుపెట్టమంటారు. కానీ దాని కట్టడం చూడండి: ఏడేసి అధ్యాయాల రెండు భాగాలు. మొదటి భాగం చివర మనిషి పట్టుబడిపోతాడు. రెండో భాగం ఎత్తుకోగానే కథ అమెరికాలోని యూటా ఎడారికి వెళ్లి, ఆ పగ ఎక్కడ పుట్టిందో చెబుతుంది. చీటీలు రాయాల్సిన చోటు సగంలోనే అయిపోతుంది, మిగతా సగం ఊహించేవాళ్లకు ఖాళీ. ‘సైన్ ఆఫ్ ఫోర్’లో ఆగ్రా నిధి, 1857, అండమాన్ అన్నీ ఉన్నా నడక ముడి విప్పడం కంటే వేట మీద ఎక్కువ. అండమాన్ మనిషిని చిత్రించిన తీరు మీద డిగ్రీ పిల్లలకు చాలా కోపం వచ్చింది, న్యాయమైన కోపం. ఆ చర్చ జరగాల్సిందే, కాకపోతే అది వేరే రోజుకు.

‘హౌండ్’కు గీత దొరికింది, అనుకున్న చోట మాత్రం కాదు. 15 అధ్యాయాలున్న నవల కాబట్టి 13 దగ్గర ఆపొచ్చు అనిపిస్తుంది. వద్దు. హోమ్స్ 12వ అధ్యాయంలోనే పేరు చెప్పేస్తాడు. గీత 11వ అధ్యాయం చివర పడాలి. ఆ అధ్యాయం ఆఖరి వాక్యాల్లో ఒక మలుపు ఉంది, పుస్తకం మూయమంటే గదంతా అరిచే చోటు. 12 నుంచి 15 దాకా బైండర్ క్లిప్పులు పెట్టి ప్రతులు పంచాం. ఈ నవల 1901 ఆగస్టు నుంచి 1902 ఏప్రిల్ దాకా స్ట్రాండ్ పత్రికలో తొమ్మిది నెలలు సీరియల్‌గా వచ్చింది, ఆపి ఆపి చదవడానికి రాసిందే కాబట్టి అధ్యాయాల చివరలు మనకు సాయం చేస్తాయి.

మేం నడిపిన పంపకం:

1. మొదటి ఆదివారం: 1–3 అధ్యాయాలు. రెండోదాన్లోని పాత శాపం కథ తప్పక గట్టిగా చదవాలి.
2. రెండోది: 4–6. బూట్లు, ఉత్తరం.
3. మూడోది: 7, 8 ఇంట్లో చదువుకుని రావాలి. 9 అందరం కలిసి.
4. నాలుగోది: 10, 11. చీటీలు.
5. అయిదోది: క్లిప్పులు తీసి 12–15.

చీటీ నమూనా ఒకసారి మార్చాల్సి వచ్చింది. మొదట ‘హంతకుడు ఎవరు?’ అని ఒక్క ప్రశ్నే ఇచ్చాం. అది లాటరీ అయింది. బట్లర్ మీదో, మొహం నచ్చనివాడి మీదో పేరు పడేసి వెళ్లిపోయారు. కొత్త నమూనాలో పేరుకు 2 మార్కులు, దానికి ఆధారం ఏ అధ్యాయంలో ఉందో చూపిస్తే 5, బూటు ఎందుకు మారిందో చెబితే ఇంకో 3. పేరు తప్పినా ఆధారం పట్టుకున్నవాళ్లు గెలవగలిగారు. వెనక్కి తిరిగి అధ్యాయాలు వెతుక్కోవడం అప్పుడే మొదలైంది. మిర్చి కాక మార్కెట్లో కాంటా దగ్గర పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడట.

జాబితాలో మిగిలినవి: 5.

దశ 6: ఓరియంట్ ఎక్స్‌ప్రెస్, పేర్ల గోడ

1934 నాటి ఈ నవలకు మాకు దొరికినవి ఇంగ్లిషు ప్రతులే. రెండో షరతు ప్రకారం పోవాల్సిందే, కానీ కట్టడం కాపాడింది. మూడు భాగాలు: వాస్తవాలు 8 అధ్యాయాలు, సాక్ష్యాలు 15, డిటెక్టివ్ పోయిరో కూర్చుని ఆలోచించడం 9. మధ్య భాగంలో ప్రయాణికులు ఒక్కొక్కరే వచ్చి సాక్ష్యం చెప్పిపోతారు. అంటే ముక్కలుగా పంచుకోవచ్చు. ఇంగ్లిషు వచ్చిన నలుగురు పిల్లలకు తలా మూడు సాక్ష్యాలు ఇచ్చాం. వాళ్లు ఇంట్లో చదివి వచ్చి, ఆ సాక్షిగానే కుర్చీలో కూర్చుని తెలుగులో జవాబులు చెప్పాలి. మిగతావాళ్లు ప్రశ్నలు వేయొచ్చు.

మొదటిరోజు బోల్తా కొట్టింది. పిల్లలు కథ చెప్పారు గానీ కాలాలు వదిలేశారు. హత్యకు గురయ్యే రాత్‌చెట్ గదిలోంచి గంట మోగింది ఒంటిగంటకు 23 నిమిషాల ముందు. చెప్పిన అమ్మాయి “పన్నెండున్నర దాటాక” అన్నది. గార్డు సారు లేచి నిలబడ్డారు.

“బిడ్డా, రైలు ముచ్చట్ల ‘దాటినాక’ అనేది ఉండదు. పన్నెండు ముప్పై ఏడు అను, లేకుంటే గుర్తులేదని చెప్పు.”

ఆ తర్వాత ప్రతి సాక్షికీ ‘తప్పక చెప్పాల్సినవి’ అని ఒక కాగితం ఇచ్చాను: కాలం, బెర్తు, తలుపు గడియ, ఒంటి మీది బట్ట. కాగితంలో ముఖ్యమైనవాటితో పాటు పనికిరానివీ కలిపాను, లేకపోతే కాగితమే హంతకుణ్ని పట్టిస్తుంది.

గోడకు రెండు చార్టులు. ఒకటి సారు గీసిన బోగీ ప్లాన్: పోయిరో 1, రాత్‌చెట్ 2, మిసెస్ హబర్డ్ 3, రెండు మూడు గదుల మధ్య తలుపు. పుస్తకంలోనూ ప్లాన్ ఉంది, కానీ చేతిలో పట్టేంత చిన్నది, పదకొండు మందికి ఆనదు. రెండోది పేర్ల చార్టు. డ్రాగోమిరాఫ్, ఆర్బుత్‌నాట్, ఫోస్కరెల్లి, ఆండ్రెన్యి ఇట్లా పేర్లు వరుసగా వస్తుంటే కొత్తవాడ అక్క చెయ్యి పైకెత్తేసింది. పేరు కింద దేశం, వయసు, బెర్తు, ఒక గుర్తు (గొర్రె ముఖం స్వీడిష్ ఆమె, భారీ ఒంటి ఇటాలియన్ అని కాకుండా, ఆమె నర్సు, ఆయన కార్ల వ్యాపారి అని పని రాయడం) పెట్టాక కుదిరింది. ముఖాల వర్ణన కంటే చేసే పని బాగా గుర్తుంటుంది. పేర్ల చార్టు లేకుండా ఆరుగురికి మించి మనుషులున్న విదేశీ నవల ఎత్తుకోవద్దు.

ఒక ఆదివారం చదువు సాగలేదు, దానికి బాధ లేదు. మంచులో రైలు ఆగడం నమ్మబుద్ధి కావడంలేదని ఎవరో అన్నారు. 1929లో ఆ పేరుగల రైలే టర్కీలో మంచులో రోజుల తరబడి ఇరుక్కుపోయింది. 1931 డిసెంబరులో క్రిస్టీ ఎక్కిన రైలు కూడా వానకు దారి కొట్టుకుపోయి ఆగిపోయింది. ఇది చెప్పగానే సారు 2024 సెప్టెంబరు మొదటి రోజు ఎత్తుకున్నారు. ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన రోజు. ఆగిన బోగీలో మనుషులు ఒకరితో ఒకరు ఎట్లా మాటలు కలుపుతారు, టీటీ చుట్టూ ఎవరు చేరతారు, ఎవరు కిటికీ దగ్గర్నుంచి కదలరు, అన్నీ చెప్పారు. ఆ రోజు తర్వాత సాక్షులను అడిగే ప్రశ్నలు మారాయి. “ఎక్కడున్నావు” అన్నది తగ్గి “అప్పుడు నీ పక్కన ఎవరున్నారు, వాళ్లను ఇంతకుముందు ఎరుగుదువా” అన్నది పెరిగింది.

గీత: మూడో భాగం మొదలయ్యే ముందు. క్లిప్పు అక్కడ.

ఖర్చు:
ముందటిది: 1,310
‘ఓరియంట్’ ప్రతులు 6, ఒక్కోటి 120: 720
ఖాకీ కాగితం, క్లిప్పులు, చార్టులు, కవర్లు: 210
మొత్తం: 2,240. తలా 200 వేసుకుంటే వచ్చింది 2,200. మిగతా నలభై కాక జేబులోంచి.

దశ 7: ఇప్పుడున్న వరుస

1. ‘హౌండ్’, పూర్తయింది.
2. ‘ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’, పూర్తయింది.
3. ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’, తర్వాతిది. 1939. పది మంది, ఒక దీవి, 16 అధ్యాయాలు. 16 తర్వాత ఉన్నదంతా క్లిప్పు కిందికి. ఇందులో సాక్ష్యాల అధ్యాయాల్లేవు, కాబట్టి పంచుకునే తీరు మారాలి. పది మందికి పది పాత్రలు ఇద్దామని, పాత్ర పోయిన వారం నుంచి ఆ మనిషి చాయి పెట్టాలని పిల్లల ప్రతిపాదన. పాత్ర ఇస్తే వాళ్లు ముందుకు చదివేస్తారేమోనని నా అనుమానం. అధ్యాయాలు విడదీసి కవర్లలో వారం వారం ఇచ్చి చూస్తాం.
4. ‘యెల్లో రూమ్’, పెండింగ్. లోపలినుంచి తాళం వేసిన గది కథలకు పెద్దదిక్కు, మూలం మీద హక్కులు తీరిపోయాయి, గది ప్లాన్లు పుస్తకంలోనే ఉన్నాయి. మాకు దొరికిన పాత ఇంగ్లిషు అనువాదం గట్టిగా చదివితే నిమిషానికి 60 పదాలు కూడా రావడంలేదు. మొదటి అయిదు అధ్యాయాలు తెలుగు చేసి కొలిచాక నిర్ణయం.
5. ‘స్టైల్స్’, పక్కన. విషం స్ట్రిక్నిన్, మన అడవుల్లో దొరికే ముష్టి గింజల్లో ఉండేదే. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది, ఆ చదువంతా ఈ నవలలో పెట్టింది. గుంపులో మెడికల్ షాపు తమ్ముడు, నర్సక్క ఉన్నారు. ఇద్దరికీ మూడో అధ్యాయంలోనే అనుమానం రావచ్చు. వాళ్లను చదివే గొంతులుగా పెట్టి నడిపితే మిగతా తొమ్మిది మందికి ఆట దక్కుతుంది. తమ్ముడు ఒప్పుకున్నాడు, నర్సక్క ఒప్పుకోవడంలేదు.

వచ్చే ఆదివారానికి పనులు: కవర్లు 110, పది నంబర్ల గోడ చార్టు, ‘నన్’ ప్రతులు ఇంకా నాలుగు. అట్ట లోపల కథా సారాంశం ఉన్న ప్రతి కంటబడితే ఆ పేజీకి ముందే కాగితం అతికించి తేవాలి.